డబ్బాలు మూడు... పాట ఒక్కటే!

కిందటి సంక్రాంతి సెలవుల్లో మా ఇంటికో అతిథి వచ్చాడు. మనిషనుకునేరు, కాదు. నల్లగా నిగనిగలాడే నాలుగు కిలోల ఇనప డబ్బా. మావారి స్నేహితుడొకాయన ఇంకా పెద్దది కొనుక్కుంటూ, "వారం రోజులు ఇంట్లో పెట్టుకుని వినండి. నచ్చితే రూ.48 వేలివ్వండి, నచ్చకపోతే తిరిగిచ్చేయండి" అన్నారట. మావారు దాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చి టీవీ బల్ల మీద పెట్టారు.

"ఏమిటండీ ఇది?" అన్నాను.

"డాక్" అన్నారు.

"అంటే డాక్టరులో సగమా నాన్నా?" అంది మా అమ్మాయి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ఇదుంటే పాట పాటలా వినిపిస్తుంది."

మరి ఇన్నాళ్లూ ఎలా వినిపించినట్టో! పైకి అనలేదు గానీ, ఆ రూ.48 వేలు ఎక్కణ్ణించి వస్తాయో నాకు తెలుసు. రెండేళ్లుగా నేను కట్టుకొస్తున్న చీటీ ఆ నెలలోనే చేతికొచ్చింది. ఇంటికి రంగులు వేయించి, వంటింట్లో అరలు చేయించాలని నా లెక్క.

మామూలుగా అయితే ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు. "నీకేం తెలుసు?" అని ఆయనా, "అవును, నాకేం తెలుసు!" అని నేనూ. ఆ తర్వాత రెండ్రోజులపాటు వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేస్తాయి. ఈసారి అలా కాదనుకున్నాను. డిగ్రీలో నేను చదివింది ఫిజిక్సు. పెళ్లయ్యాక కథలు రాయడంలో పడి మర్చిపోయాను గానీ, మళ్లీ చదివితే అర్థం కాకపోదు కదా! తెలుసుకునే మాట్లాడదామని కూర్చున్నాను.

ఇంతకీ ఏమిటీ డాక్?

మన చెవికి వినిపించేది గాలిలో కదలిక. అలలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. సీడీలో, ఫోన్లో, కంప్యూటర్లో దాచి ఉంచేవి మాత్రం ఉత్త అంకెలు. అంకెలిస్తే స్పీకరు మోగదు. దానికి కావాల్సింది అలలాగే పెరుగుతూ తరుగుతూ ఉండే కరెంటు. అంకెల్ని ఆ కరెంటుగా మార్చేదే డాక్. తర్వాత ఆంప్లిఫయరు దానికి బలమిచ్చి స్పీకరుకి పంపుతుంది.

మా ఇంట్లో డాకులు లేవమ్మా అనుకుంటున్నారేమో! మీ ఫోన్లో ఒకటుంది. టీవీలో ఒకటి. బ్లూటూత్ స్పీకర్లో ఒకటి. పిల్లలు చెవుల్లో దూర్చుకునే ఇయర్‌బడ్స్‌లో చెవికొకటి. విడిగా కొనే డాక్ అంటే, ఆ ఒక్క పనికే ప్రత్యేకంగా చేసిన పెట్టె అన్నమాట.

ఆ పని ఎలా జరుగుతుందో ముగ్గులు వేసే మనకి ఇట్టే అర్థమవుతుంది. సీడీ కోసం పాటని రికార్డు చేసేటప్పుడు ఆ శబ్దపు అల మీద సెకనుకి 44,100 చుక్కలు పెడతారు. ఒక్కో చుక్క ఎంత ఎత్తులో ఉందో 65,536 మెట్లలో కొలిచి అంకెగా రాసుకుంటారు. పదహారు బిట్లు అనేది దీన్నే. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి సీడీని తెచ్చినప్పుడు పెట్టుకున్న కొలత ఇది. ఆ చుక్కల్ని కలుపుతూ మళ్లీ మెలిక వేయడమే డాక్ పని.

"చుక్కకీ చుక్కకీ మధ్యనున్న పాట పోదా మరి?" అని నాకూ అనుమానమొచ్చింది. పోదట. 1928లో హారీ నైక్విస్ట్ రాసినదాన్నీ, 1949లో క్లాడ్ షానన్ నిరూపించినదాన్నీ మన భాషలో చెప్పాలంటే ఇంతే: పాటలో ఉన్న అన్నిటికన్నా పైస్థాయి స్వరం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో, దానికి రెట్టింపు కన్నా ఎక్కువ చుక్కలు పెడితే చాలు. ఇక ఆ చుక్కల గుండా వెళ్లగలిగే మెలిక ఒకటే ఉంటుంది. మనిషి చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. అదీ చిన్నతనంలో. దానికి రెట్టింపు 40,000. 44,100 చుక్కలు ఎందుకు పెట్టారో తెలిసిందిగా! డిజిటల్ పాటంటే మెట్లుమెట్లుగా ఉంటుందని కొన్ని ప్రకటనల్లో బొమ్మ వేసి చూపిస్తారు. సరిగ్గా చేసిన డాక్‌లోంచి బయటికొచ్చేది మెట్లు కాదు, నున్నటి మెలికే.

తూకం రాళ్లు... ఇస్త్రీ పెట్టె

అంకెని కరెంటుగా మార్చడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది నిచ్చెన పద్ధతి. ఆర్-2ఆర్ అంటారు. పాత కిరాణా కొట్లో తక్కెడ గుర్తు తెచ్చుకోండి. కిలో రాయి, అరకిలో, పావుకిలో, నూటపాతిక... ప్రతి రాయీ ముందుదానిలో సగం. పదహారు బిట్ల డాక్‌లో ఇలాంటి రాళ్లు పదహారు ఉంటాయనుకోండి. ఏ అంకె వస్తే దానికి సరిపడా రాళ్లు వేయడమే పని.

చిక్కెక్కడంటే, కిలో రాయే నాలుగు గ్రాములు తక్కువుంటే, గ్రాము రాయి వేసినా ఒకటే, మానినా ఒకటే! అందుకని ఇందులో పెద్ద రాయి అన్నిటికన్నా ఖచ్చితంగా ఉండాలి. అరవై అయిదు వేలలో ఒక వంతు తేడా కూడా రాకూడదు. అంత జాగ్రత్తగా చేయాలంటే ఖరీదవుతుంది. మా ఇంటికొచ్చిన అతిథి ఈ రకమే.

తొలి రోజుల్లో ఇది ఎంత కష్టమయ్యేదంటే, ఫిలిప్స్ వాళ్లు తమ మొదటి సీడీ ప్లేయర్లలో పద్నాలుగు బిట్ల చిప్పునే వాడారు. చుక్కల వేగాన్ని నాలుగింతలు చేసి, దాంతోనే పదహారు బిట్ల నాణ్యత రాబట్టారు. వేగం పెంచి ఖచ్చితత్వం సంపాదించే ఈ ఉపాయమే పెరిగి పెరిగి రెండో పద్ధతయింది. దాని పేరు డెల్టా-సిగ్మా.

ఇది మన ఇస్త్రీ పెట్టెలాంటిది. ఇస్త్రీ పెట్టె లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది చూశారా? కరెంటు వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే అసలే రాదు. అయినా అడుగున వేడి ఇంచుమించు నిలకడగానే ఉంటుంది. డెల్టా-సిగ్మా చిప్పు కూడా సెకనుకి లక్షలసార్లు అలా ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ, సగటున ఎంత కరెంటు కావాలో అంతే ఇస్తుంది. ఆ హడావిడిలో పుట్టే రొదని చెవికందని పైస్థాయికి తోసేసి, అక్కడ వడగట్టేస్తుంది. ఇవాళ దొరికే డాకుల్లో చాలా భాగం ఇవే. ఫోన్లో ఉండేదీ ఇదే పద్ధతి. ఇలాంటి చిప్పులు చేసే కంపెనీలు ప్రపంచంలో కొద్దే. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎం కంపెనీ ఫ్యాక్టరీ తగలబడితే ఎక్కడెక్కడి సంగీత పరికరాల తయారీదార్లకో చిప్పులు కరువయ్యాయి. చాలామంది తమ పెట్టెల్లో వేరే కంపెనీ చిప్పు పెట్టుకోవాల్సి వచ్చింది.

పెద్దదే బాగుంది... నిజమే!

మా ఇంట్లో పోటీకి దిగినవి మూడు. మొదటిది మా అమ్మాయి ఫోనుకి తగిలించుకునే వేలెడంత డాంగిల్. ఖరీదు రూ.900. రెండోది మావారు మూడేళ్ల కిందట కొని రోజూ వాడుకుంటున్న రూ.9,500 డాక్. మూడోది అతిథి.

ఆ రాత్రి భోజనాలయ్యాక మావారు ముందు చిన్నదాంట్లో, తర్వాత పెద్దదాంట్లో ఒకే వీణ కచేరీ వినిపించారు. నిజం చెప్పొద్దూ, పెద్ద డబ్బా మోగగానే నాకు ఒళ్లు జలదరించింది. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపించినట్టనిపించింది. "బాగుందండీ" అనేశాను. ఆయన ముఖం చాటంతయింది. నా వంటింటి అరలు నా కళ్ల ముందే కొట్టుకుపోయాయి.

మా అమ్మాయి మాత్రం, "నాన్నా, రెండింటి సౌండూ సమానంగా ఉందా?" అంది.

"నాబ్ ముట్టుకోలేదుగా!" అన్నారాయన.

"నాబ్ సంగతి కాదు" అంటూ ఇన్వర్టరు కోసం కొన్న మల్టీమీటరు తెచ్చింది. ఒకే శ్రుతిలో "ఊ..." మని మోగే 200 హెర్ట్జ్ టోను పెట్టి, స్పీకరు వెనక తీగల దగ్గర వోల్టులు కొలిచింది. చిన్న డాంగిల్‌కి ఒక వోల్టు చూపించింది. పెద్దదానికి రెండు! మావారి పాత డాక్‌కీ రెండే.

ఇందులో మోసమేం లేదు. ఇంట్లో వాడే డాక్ పెట్టెలు సాధారణంగా రెండు వోల్టులిస్తాయి. ఫోను డాంగిళ్లలో చాలావాటికి ఒక వోల్టే. రెట్టింపు వోల్టులంటే ఆరు డెసిబెల్స్ ఎక్కువ. కానీ మన చెవి చేసే తమాషా ఏమిటంటే, ఒకే పాటని కాస్త పెంచి వినిపిస్తే అది "గట్టిగా ఉంది" అనదు, "బాగుంది" అంటుంది. తేడా ఒక డెసిబెల్ కూడా లేకపోతే మరీనూ! పెరిగిందనే తెలియదు, మంచిగా ఉందని మాత్రం అనిపిస్తుంది. అందుకే రెండు డాకుల్ని పోల్చేవాళ్లు ముందు రెండింటి సౌండునీ పదోవంతు డెసిబెల్ తేడా కూడా లేకుండా సమానం చేయాలంటారు. అంటే వోల్టుల్లో నూటికి ఒకటి. కొట్లో నిలబడి నాబ్ తిప్పుతూ పోల్చినవాళ్లెవరికీ ఇది కుదిరే పని కాదు.

మా అమ్మాయి కంప్యూటర్లో పెద్ద డబ్బాల వాల్యూము తగ్గించి, మూడూ ఒక వోల్టు చూపించేదాకా వదల్లేదు.

దుప్పటి చాటు పరీక్ష

మర్నాడు పొద్దున్నే బల్ల మీద దుప్పటి కప్పేసింది. మూడు డబ్బాలూ ఆంప్లిఫయరుకి తగిలించే ఉన్నాయి. కంప్యూటరు కూడా దుప్పటి చాటునే ఉంది. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే చిన్నది, బొరుసు పడితే పెద్దది పెడుతుంది. పరీక్షకి ముందు ఏది ఏదో చెప్పి కావలసినంతసేపు విననిస్తుంది. ఆ తర్వాత పేరు చెప్పకుండా వినిపిస్తుంది. "ఏది?" అంటే మేం కాగితం మీద రాయాలి. ఒక్కొక్కరికి పదిసార్లు. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు.

అసలు వినకుండా గుడ్డిగా రాసినా పదింటికి అయిదు ఒప్పయ్యే అవకాశముంది. అందుకని ఆరో ఏడో ఒప్పయితే లెక్కలోకి రాదు. తొమ్మిదీ అంతకన్నా ఎక్కువా ఊరికే అదృష్టం కొద్దీ రావాలంటే వందసార్లు ఆడితే ఒకసారి జరుగుతుంది. కాబట్టి తొమ్మిదొస్తే తేడా నిజంగా తెలుస్తోందని ఒప్పుకుందామని ముందే షరతు పెట్టుకున్నాం.

నాకు అయిదు ఒప్పయ్యాయి. మావారికి ఆరు.

పాపం, ఆయన ముఖం చూడలేకపోయాను. "చిన్నదానితో కాదు, నా పాత డాక్‌తో పోల్చి చూద్దాం" అన్నారు. అదీ అయింది. ఈసారి ఆయనకి నాలుగు. మధ్యాహ్నం భోజనం చేయకుండానే మరో పదిసార్లు విన్నారు. అయిదు.

మా ఇంటి పరీక్షని నమ్మక్కర్లేదు. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు చేసిన పరీక్ష ఈ రంగంలో ప్రసిద్ధం. సీడీ కన్నా ఎక్కువ చుక్కలతో చేసిన హై-రిజల్యూషన్ రికార్డింగుల్ని వినిపిస్తూ, మధ్యమధ్య వాటిని సీడీ కొలతకి కుదించి వినిపించారు. 554 సార్లలో 276 సార్లే సరిగ్గా గుర్తుపట్టారు. అంటే సగం కూడా కాదు. ఇంకోవైపు, లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రైస్ 2016లో ఇలాంటి 18 పరీక్షల ఫలితాల్ని కలిపి చూశారు. నూటికి 52 చొప్పున ఒప్పయ్యాయట. శిక్షణ పొందిన చెవులకి ఇంకాస్త ఎక్కువ. తేడా బొత్తిగా లేదనడానికి లేదు. అయితే ఆ తేడా వంటింటి అరలంత లేదు!

ఆ సాయంత్రం నేనో పని చేశాను. మా ఇంట్లో ఒక స్పీకరు బీరువా మీదా, రెండోది సోఫా పక్కన నేల మీదా ఉండేవి. చోటు లేక నేనే పెట్టించాను. రెండింటినీ దించి, మా చెవుల ఎత్తుకి వచ్చేలా స్టూళ్ల మీద, గోడకి జానెడు ముందుకి జరిపి పెట్టాం. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరముందో వాటికీ కుర్చీకీ మధ్య కూడా అంతే. గచ్చు మీద జంపఖానా పరిచాం. కిటికీలకి మందపాటి తెరలు కట్టాం. పాట పెట్టగానే పాడే ఆవిడ సరిగ్గా మధ్యలో వచ్చి కూర్చుంది! ఈ తేడాకి దుప్పటీ అక్కర్లేదు, రూపాయి బిళ్లా అక్కర్లేదు. మావారే, "ఇదేమిటోయ్!" అన్నారు. ఖర్చు సున్నా.

మీరూ కొనాలనుకుంటే...

మేం నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను.

ఫోన్లోంచో కంప్యూటర్లోంచో పాట వినేటప్పుడు రొద, గీర వస్తుంటే డాక్ మార్చడం వల్ల నిజంగా ఉపయోగముంటుంది. ఏ గొడవా లేకుండా వినిపిస్తుంటే మార్చక్కర్లేదు.

డాక్ కొనేముందు దాని పేరు ప్రతిష్ఠల కన్నా, మన ఇంట్లో ఉన్నవాటికి అతుకుతుందా లేదా చూసుకోవాలి. టీవీకి తగిలించాలంటే ఆప్టికల్ కావాలి. కంప్యూటరుకైతే యూఎస్‌బీ. ఫోన్లోంచి వినేవాళ్లకి బ్లూటూత్. లేచి వెళ్లలేని పెద్దవాళ్లుంటే రిమోట్ ఉండటం ముఖ్యం.

స్పీకర్లలో "గుంయ్" మని కరెంటు రొద వస్తుంటే తప్పు డాక్‌ది కాకపోవచ్చు. కంప్యూటరు, ఆంప్లిఫయరు వేర్వేరు ప్లగ్గుల్లో ఉండి ఎర్తులు తేడాగా ఉంటే ఇలా వస్తుంది. రెండింటినీ ఒకే బోర్డులో పెట్టి చూడండి. కంప్యూటరుకో టీవీకో ఆప్టికల్ సౌకర్యం ఉంటే అది వాడితే ఈ గొడవే ఉండదు. ఎందుకంటే ఆ తీగలో వెళ్లేది కరెంటు కాదు, వెలుతురు.

పాత రికార్డింగులు వినేవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. టేపు మీద లేనిదాన్ని ఏ డాకూ తేలేదు. మంచి పాత టేపు కూడా పదహారు బిట్లలో హాయిగా ఇమిడిపోతుంది, ఇంకా చోటు మిగులుతుంది.

ఇక చివరిది. డబ్బు పెట్టదలిస్తే ముందు స్పీకర్ల మీద పెట్టండి. ఆ తర్వాతే మిగతావి.

తాళం ఎందుకు ఆపేశారు?

పరీక్షలో ముగ్గురమేనని చెప్పాను గానీ, నాలుగో మనిషి సంగతి చెప్పలేదు కదూ! అత్తయ్యగారు. డెబ్భై నాలుగేళ్లు. మా ఇంట్లో నిజంగా సంగీతం తెలిసింది ఆవిడకే. విజయవాడ సత్యనారాయణపురంలో పుట్టి పెరిగారు. చిన్నప్పుడు పాట నేర్చుకున్నారు. తెల్లవారితే విజయవాడ రేడియోలో భక్తిరంజని రావాల్సిందే. మీడియం వేవ్ రేడియోలో అయిదు వేల హెర్ట్జ్ దాటి పెద్దగా ఏమీ వినిపించదు. సంగీతం మీద జీవితానికి సరిపడా ప్రేమ పుట్టడానికి ఆవిడకి అది చాలింది.

"అమ్మా, నువ్వు చెప్పు. నీ చెవికి తెలుస్తుంది" అని మావారు ఆవిణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. ఓ పాత భజన కీర్తన పెట్టాం. తంబురా, మృదంగం, తాళాలు. ఆవిడ కళ్లు మూసుకుని విని, "మూడూ బాగానే ఉన్నాయిరా. కానీ తాళం ఎందుకు ఆపేశారు?" అన్నారు.

మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. తాళాలు మోగుతూనే ఉన్నాయి.

మా అమ్మాయి ఏమీ తెలియనట్టు, "నాన్నమ్మా, ఇప్పుడు ఒక్కో శబ్దం పెడతాను. వినిపించినంతసేపూ వేలెత్తి ఉంచు" అంది. అయిదొందలు, వెయ్యి, రెండు వేలు... నాలుగు వేల దగ్గర వేలు దిగిపోయింది. ఇక లేవలేదు. ఆ తర్వాత మేమూ కూర్చున్నాం. మా అమ్మాయి పదిహేడు వేల దాకా విన్నది. నేను పదిహేను. మావారు పదమూడు వేల దగ్గర ఆగిపోయారు. పోటీ పడాల్సింది డాకుల మధ్య కాదని ఆయనకి అప్పుడే అర్థమైందనుకుంటాను.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, గాజు గదిలో కూర్చోబెట్టి 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా పరీక్ష చేశారు. కాగితం మీద గీత మొదట్లో బాగానే ఉండి, రెండు వేలు దాటాక కొండ దిగినట్టు దిగిపోయింది. వయసు మీద వచ్చే వినికిడి లోపం. చెవి లోపల పైస్థాయి శబ్దాల్ని పట్టే సన్నటి కణాలు ముందు పోతాయి. అవి మళ్లీ పుట్టవు. మాటల్లో "స, శ, చ, త" లాంటి హల్లుల పదును ఉండేది ఆ పైస్థాయిలోనే. "అందుకే వీళ్లకి మాట వినిపిస్తుంది, ఏం మాటో తెలియదు" అన్నారు డాక్టరు.

ఆ మాట విన్నాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రెండేళ్లుగా "చారు పెట్టానత్తయ్యా" అంటే "కారెక్కడ పెట్టావే?" అనేవారు. టీవీ పెద్దగా పెడుతున్నారని విసుక్కునేదాన్ని. "ఎన్నిసార్లు చెప్పాలండీ!" అని అరిచిన రోజులున్నాయి. అంతేనా? చారూ కారూ పెట్టి ఓ హాస్యకథ కూడా రాశాను. అచ్చయింది. బాగుందని నలుగురూ మెచ్చుకున్నారు. అత్తయ్యగారే పైకి చదివి వినిపించి, నవ్వి, "నన్నేనుటే!" అన్నారు. ఆవిడ నవ్వారు గదా అని నేనూ నవ్వాను. ఆవిడ పాట వినడం మానేసి ఎన్నాళ్లయిందో మాత్రం నేను గమనించలేదు. "ఇప్పటి పాటలు బాగుండటం లేదే" అంటే, నిజమే అనుకున్నాను.

వారం పూర్తయ్యాక మావారు పెద్ద డబ్బాని మళ్లీ రెండు చేతులా ఎత్తుకెళ్లి ఇచ్చేసి వచ్చారు. చీటీ డబ్బుకి ఇంకాస్త కలిపి అత్తయ్యగారికి రెండు చెవులకీ వినికిడి యంత్రాలు తీసుకున్నాం. గింజంత ఉన్నాయి. అందులోనూ ఇదే విద్య: బయటి శబ్దాన్ని అంకెలుగా మార్చి, ఆవిడకి వినిపించని స్థాయిల్ని మాత్రం పెంచి, అంకెల్ని మళ్లీ శబ్దం చేసి చెవిలోకి పంపుతాయి. ఆ వేలిగోరంత దాన్లోనూ డాక్ పనే జరుగుతోందన్నమాట.

పెట్టగానే అంతా బాగైపోయిందని చెప్పను. మొదటి వారం కుక్కరు కూతకి ఉలిక్కిపడ్డారు. కంచం చప్పుడుకి తీసి పక్కన పెట్టేశారు. పాట అయితే, "రేకు డబ్బాలో పాడినట్టుందే" అన్నారు. ఈ యంత్రాలు మాట కోసం చేసినవి. కూతపెట్టకుండా ఉండటానికి అందులో చేసిన ఏర్పాటే ఒక్కోసారి సాగదీసిన స్వరాన్ని వణికిస్తుందట. మళ్లీ తీసుకెళ్తే సంగీతానికి వేరే అమరిక చేసిచ్చారు. అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. ఎనిమిది వేల పైన ఉన్నవి ఎలాగూ రావు. తంబురా నాదం పూర్వంలా లేదనే అంటారు. కానీ ఓ రోజు పొద్దున నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే లోపలినుంచి, "అమ్మాయ్! తాళం ఉందే!" అని కేక వినిపించింది. వెళ్లి చూస్తే, రూ.900 డాంగిల్‌లోంచి అదే కీర్తన. ఆవిడ తొడ మీద తాళం వేస్తున్నారు.

మా గోడలకి రంగులు ఈ ఏడూ పడలేదు. మావారు అప్పుడప్పుడూ ఆ పెద్ద డబ్బా ఫొటో ఫోన్లో చూసుకుంటూ ఉంటారు. చూసుకోనివ్వండి, ఫొటోకి ఖర్చేముంది!

కొత్త చిక్కు నాకే వచ్చింది. మొన్న సాయంత్రం నలుగురు చుట్టాలు చెప్పకుండా భోజనానికొస్తే, వంటింట్లో నాలో నేనే ఏదో గొణుక్కున్నాను. హాల్లోంచి అత్తయ్యగారు, "విన్నానే!" అన్నారు.